మౌజే టేకులపల్లి: పెద్దల ఊళ్ళ పేర్లు రాసుకునే పద్ధతి

మా తాత తన కథ ఎప్పుడు చెప్పినా ఒకే చోట మొదలుపెట్టేవాడు. "పోలీస్ యాక్షన్ అయిన రెండేళ్ళకు భద్రాచలం రోడ్డులో రైలు దిగాను. చేతిలో ఒక ట్రంకు పెట్టె, అంతే." ఆయన పోయాక కుటుంబ చరిత్ర రాద్దామని కూర్చుని, ఆ మాటను నోటుపుస్తకంలో ఇలా ఎక్కించాను: "1950. తాత భద్రాచలం వచ్చాడు." ఆ తర్వాత రెండేళ్ళు సెలవు దొరికినప్పుడల్లా భద్రాచలం వెళ్ళాను. గుడి చుట్టూ ఉన్న పాత వీధుల్లో ముసలివాళ్ళను అడిగాను. తాత పేరు విన్నవాళ్ళు ఒక్కరూ దొరకలేదు.

దొరకరు మరి. భద్రాచలానికి రైలు లేదు. తాత వచ్చిన రోజుల్లోనూ లేదు, నేను వెతికిన రోజుల్లోనూ లేదు. భద్రాచలం రోడ్ అనేది కొత్తగూడెంలో ఉన్న స్టేషన్ పేరు. అక్కడి నుంచి రాములవారి గుడికి దాదాపు 40 కిలోమీటర్లు, మధ్యలో గోదావరి. 1965లో వంతెన పడేదాకా ఆ నది దాటాలంటే పడవే దిక్కు. తాత భద్రాచలం రానే లేదు. స్టేషన్‌లో దిగి కొత్తగూడెంలోనే బొగ్గుబాయి పనిలో చేరి, తర్వాత టేకులపల్లి వైపు భూమి కౌలుకు చేసుకుని స్థిరపడ్డాడు.

ఇందులో ఇంకో సంగతి ఉంది. అది తెలిసినప్పుడు నాకు నిజంగా చెమట పట్టింది. 1950లో కొత్తగూడెం హైదరాబాదు రాష్ట్రంలో వరంగల్ జిల్లా. అదే సంవత్సరం భద్రాచలం మద్రాసు రాష్ట్రంలో తూర్పు గోదావరి జిల్లా. "రోడ్డు" అనే ఒక్క మాట వదిలేసి నేను మా తాతను వేరే రాష్ట్రంలో పెట్టేశాను.

ఈ అధ్యాయం ఆ ఒక్క మాట గురించే. పేర్లు, తేదీలు, చుట్టరికాలు రాసుకోవడంలో మనం చూపే జాగ్రత్త ఊరి పేరు దగ్గర చూపించం. ఊరు తెలిసిందే కదా అనుకుంటాం. కుటుంబ చరిత్రలో ఎక్కువ తప్పులు దొర్లేది ఆ తెలిసిన ఊరి దగ్గరే.

ఒకే ఇల్లు

టేకులపల్లి ఇల్లందుకూ కొత్తగూడేనికీ మధ్య రోడ్డు మీద ఉంటుంది. ఈ ఊళ్ళో 1931లో ఒకామె పుట్టింది, అదే ఊళ్ళో కాపురం చేసింది, పుట్టిన ఇంటికి నాలుగు ఇళ్ళవతల 2017లో కన్నుమూసింది అనుకుందాం. ఆమె ఎక్కడికీ పోలేదు. ఆమె చిరునామా మాత్రం ఎన్నిసార్లు మారిందో చూడండి.

పుట్టినప్పుడు ఆమెది హైదరాబాదు సంస్థానం, వరంగల్ జిల్లా, ఇల్లందు తాలూకా. 1953 అక్టోబరు 1న వరంగల్ నుంచి ఖమ్మం జిల్లా విడిపోయింది. ఆ తర్వాత ఆమెకు బిడ్డ పుడితే ఆ బిడ్డది ఖమ్మం జిల్లా, ఇంకా హైదరాబాదు రాష్ట్రమే. 1956 నవంబరు 1 తర్వాత పుట్టిన బిడ్డది ఆంధ్రప్రదేశ్. 1985లో తాలూకాలు పోయి మండలాలు వచ్చాయి, టేకులపల్లే మండల కేంద్రమైంది. 2014 జూన్ 2 నుంచి తెలంగాణ. 2016 అక్టోబరు 11 నుంచి భద్రాద్రి కొత్తగూడెం జిల్లా. ఆమె మరణ ధ్రువపత్రం మీద ఉండేది ఈ చివరి జిల్లా పేరు. ఆమె బతుకులో ముప్పాతిక భాగం ఆ పేరుతో జిల్లా ఉంటుందని ఎవరూ ఊహించి ఉండరు.

ఇప్పుడు డాలస్‌లో ఉన్న ఆమె మునిమనవడు ఫోన్‌లో వంశవృక్షం యాప్ తెరుస్తాడు. టేకులపల్లి అని కొట్టడం మొదలుపెట్టగానే యాప్ తనే పూరించి ఇస్తుంది: టేకులపల్లి, తెలంగాణ, ఇండియా. పిల్లాడు అవునని నొక్కుతాడు. దాంతో 1931 నాటి పుట్టుక 2014లో పుట్టిన రాష్ట్రంలో జరిగినట్టు నమోదవుతుంది. పైగా ఖమ్మం పట్నం అంచున ఇంకో టేకులపల్లి ఉంది. యాప్ గుర్తు ఏ టేకులపల్లి మీద పెట్టిందో పిల్లాడికి తెలియదు.

అందుకని మొదటి పద్ధతి: సంఘటన ఏనాడు జరిగిందో ఆనాటి పేరే రాయండి. పుట్టుక 1931 అయితే 1931 నాటి తాలూకా, జిల్లా, సంస్థానం. దాని కింది వరసలో ఈనాటి మండలం, జిల్లా, రాష్ట్రం. పాతదాన్ని చెరిపి కొత్తది రాయొద్దు. కొత్తది చాల్లే అని పాతది వదిలెయ్యొద్దు. రెండూ ఉండాలి.

ఇది పాతకాలం మీద మమకారంతో చెప్పే మాట కాదు. కాగితం ఎక్కడ పుట్టిందో అక్కడే ఉంటుంది, లేదా ఆ దఫ్తరు ఎక్కడికి తరలిందో అక్కడ ఉంటుంది. 1931 టేకులపల్లికి సంబంధించి ఏదైనా దొరకాలంటే వరంగల్ జిల్లా, హైదరాబాదు సంస్థానం అని వెతకాలి. అది ఉర్దూలో ఉండవచ్చు. సంస్థానపు పాత దస్త్రాలు హైదరాబాదు తార్నాకలోని రాష్ట్ర ఆర్కైవ్స్‌లో భద్రపరిచారు. భద్రాద్రి కొత్తగూడెం అనే పేరుతో మీరు ఎన్నాళ్ళు వెతికినా 1931 కాగితం చేతికి రాదు.

బొగ్గుట్ట ఎక్కడుంది?

మా వైపు డెబ్బయ్యేళ్ళు దాటినవాళ్ళను అడగండి. ఇల్లందును ఇల్లందు అనేవాళ్ళు తక్కువ. "బొగ్గుట్టకు పోయొచ్చిన" అంటారు. సంతకు బొగ్గుట్ట, ఆస్పత్రికి బొగ్గుట్ట, బంగారం కొనాలంటే బొగ్గుట్ట. పటంలో వెతికితే ఆ పేరుతో పట్నం కనబడదు.

ఇంగ్లీషువాళ్ళ పాత గెజెటీర్ తీస్తే ఇదే ప్రాంతం ఇల్లందులపాడు తాలూకాగా కనబడుతుంది. ఇల్లందు అనేది దాన్ని నోటికి అనువుగా కత్తిరించుకున్న రూపం. రైలు కాగితాల్లో చూస్తే ఆ ఊరి స్టేషన్ పేరు సింగరేణి కాలరీస్. అంటే ఒకే పట్నానికి దఫ్తరులో ఒక పేరు, జనం నోట ఒక పేరు, రైల్వేలో ఒక పేరు.

సింగరేణి దగ్గర మాత్రం తొందర పడకండి, ఇక్కడ చాలామంది జారిపడతారు. 1871లో భూగర్భ సర్వే శాఖకు చెందిన విలియం కింగ్ ఈ ప్రాంతంలో బొగ్గు కనిపెట్టాడు. 1886లో హైదరాబాదు దక్కన్ కంపెనీ తవ్వకాల హక్కులు తీసుకుంది. 1889లో ఇల్లందు దగ్గర తవ్వకం మొదలైంది. 1920లో సింగరేణి కాలరీస్ కంపెనీ పేరు రిజిస్టరయింది. ఆ పేరు ఇచ్చిన సింగరేణి అనే ఊరు వేరే ఉంది. అది ఇప్పటి ఖమ్మం జిల్లాలో, కారేపల్లి దగ్గర. అక్కడి మండలానికి సర్కారు పేరు సింగరేణి, మండల కేంద్రం కారేపల్లి, జనం పిలిచేది కారేపల్లి మండలం.

కాబట్టి మీ పెద్దమ్మ "మా నాయిన సింగరేణిల చేసిండు" అంటే వెంటనే రాసుకోకండి. ఆ మాటకు సింగరేణి ఊరు అని అర్థం ఉండొచ్చు. ఇల్లందు స్టేషన్ దగ్గరి బస్తీ కావొచ్చు. కంపెనీ అనే అర్థంలో అయితే కొత్తగూడెం, మణుగూరు, గోదావరిఖని, మందమర్రి, భూపాలపల్లి, ఎక్కడైనా కావొచ్చు. మన టేకులపల్లి మండలంలోనే కోయగూడెం ఓపెన్‌కాస్ట్ ఉంది, అదీ సింగరేణే. మీరు అడగాల్సింది "ఏ ఊరు?" అని కాదు. "ఏ బాయి? ఏ ఇంక్లైన్?" అని అడగండి. బొగ్గు మనిషికి ఊరి పేరు గుర్తులేకపోయినా బాయి నంబరు గుర్తుంటుంది. "ఇరవయ్యొకటి ఇంక్లైన్" అన్నదంటే ఇల్లందు తేలిపోయింది. నంబరు దొరికితే ఊరు, ఊరు దొరికితే సర్వీసు రిజిస్టరు, అందులో సొంతూరు అనే గడి. మా తాత ఎక్కడి నుంచి వచ్చాడో చివరికి నాకు ఆ గడిలోనే దొరికింది.

తండా, గుంపు, గూడెం

టేకులపల్లి మండలంలో సగం మనుషుల ఊళ్ళు పటంలో ఊళ్ళుగా ఉండేవి కావు. అవి తండాలు, గూడేలు, గుంపులు. రెవెన్యూ లెక్కలో ఏదో ఒక పెద్ద ఊరికి శివారు పల్లెలు. ఇక్కడి కుటుంబాల చరిత్ర రాసేటప్పుడు ఎక్కువ ఓపిక కావలసింది వీటి దగ్గరే.

లంబాడా తండాకు తరచు ఆ తండా పెద్ద పేరే ఉంటుంది. నాయక్ పోయి కొడుకు పెద్దయితే కొన్నిచోట్ల తండా పేరూ మారుతుంది. అదే చోటు, అవే ఇళ్ళు, తాత కాలంలో ఒక పేరు, మనవడి కాలంలో ఇంకో పేరు. ఒకే పేరున్న తండాలు పక్క పక్క మండలాల్లో కనబడతాయి. 2018లో పంచాయతీరాజ్ చట్టం మారాక ఎన్నో తండాలు సొంత గ్రామపంచాయతీలయ్యాయి. అది గొప్ప సంగతే. తమ తండాకు తామే సర్పంచులు కావడం కోసం ఆ జనం ఎన్నో ఏళ్ళు అడిగారు. కుటుంబ చరిత్ర రాసేవాళ్ళు మాత్రం ఒక ప్రశ్న తప్పక వేయాలి: "పంచాయతీ రాకముందు ఈ తండా ఏ ఊరి కింద ఉండేది?" ఆ పాత ఊరి పేరు లేకుంటే పహాణీ అనే భూమి కాగితంలో మీ తండా భూమి మీకు కనబడదు. నేనైతే మూడూ రాస్తాను. తండా పేరు, ఆనాటి నాయక్ పేరు, రెవెన్యూ ఊరు.

కోయగుంపుల సంగతి ఇంకో తీరు. పోడు కొట్టుకుని బతికిన కాలంలో నేల సత్తువ పోతే గుంపు కదిలేది. జబ్బు వచ్చి వరసగా మనుషులు పోయినా కదిలేది. జనంతో పాటు పేరూ కదిలేది. అంటే ఇక్కడ పేరు మారలేదు, చోటు మారింది. 1948 తర్వాత సాయుధ పోరాటం నడుస్తున్న రోజుల్లో సైన్యం గోదావరి అడవుల్లోని కోయ గూడేలను ఖాళీ చేయించి జనాన్ని శిబిరాలకు తోలింది. తర్వాత అందరూ పాత చోటికి తిరిగి పోలేదు. అందువల్ల "మా తాత ఫలానా గూడెంలో పుట్టాడు" అని ఒకరు అన్నప్పుడు ఆ పేరుతో ఈనాడున్న గూడెం, తాత పుట్టిన నేల ఒకటి కాకపోవచ్చు. వాటి మధ్య ఐదారు మైళ్ళ అడవి ఉండవచ్చు.

ఇలాంటప్పుడు పేరును నమ్మకండి, నీళ్ళను నమ్మండి. "ఏ వాగు నీళ్ళు తాగేవాళ్ళు?" అని అడగండి. కిన్నెరసానా, ముర్రేడా, పేరు లేని చిన్న వాగా? "పొద్దు ఏ గుట్ట మీద పొడిచేది?" "వేల్పు చెట్టు ఎటు దిక్కున ఉండేది?" అడవిలో పెరిగిన మనిషి ఈ ప్రశ్నలకు తడుముకోకుండా జవాబు చెబుతాడు. జిల్లా ఏదని అడిగితే మాత్రం మీ మొహం చూస్తాడు.

కోయల దగ్గర ఇంకో నిధి ఉంది. డోలి అనే కథకులు గట్టు గట్టుకూ, అంటే వంశం వంశానికీ, వేల్పు వేల్పుకూ ఉన్న మూలకథను పడిగె అనే బొమ్మల జెండా ముందు పెట్టుకుని రాత్రంతా చెబుతారు. ఆ కథల్లో ఊళ్ళ పేర్లు దారి పొడుగునా వస్తాయి. ఎక్కడ బయల్దేరారు, ఏ ఏరు దాటారు, ఎక్కడ ఆగారు. ఇలా వంశాల కథలు నోటికి చెప్పే కంచుడోలు కళాకారుడు సకిని రామచంద్రయ్యకు 2022లో పద్మశ్రీ వచ్చింది. ఆయనది మణుగూరు మండలం కూనవరం. శబరి వచ్చి గోదావరిలో కలిసే కూనవరం వేరు. పేపర్లో కూనవరం అని మాత్రమే చదివినవాళ్ళు ఆయనను నది అవతలి మనిషి అనుకోవచ్చు. ఇంత పేరున్న మనిషికే ఈ తిప్పలుంటే మీ ముత్తవ్వ సంగతి ఆలోచించండి. ఊరి పేరు పక్కన కనీసం ఇంకొక గుర్తు, అంటే మండలమో, నదో, పక్క ఊరో లేకుండా ఏ పేరూ ఒంటరిగా రాయకండి.

మిగతా కులాల వాళ్ళకూ ఇలాంటి కథకులున్నారు. లంబాడాలకు ఢాడీలు, కొన్ని కులాలకు పిచ్చుకుంట్లవాళ్ళు. వాళ్ళు మీ ఊరికి వచ్చిన రోజున ఫోన్ రికార్డర్ పెట్టుకుని ఎదురుగా కూర్చోండి.

గోదావరి అవతలి ఒడ్డు

టేకులపల్లి వాళ్ళకు భద్రాచలం వైపు వియ్యాలుంటాయి. అవతలి ఒడ్డు చరిత్ర వేరు. మన ఒడ్డు సంగతి తెలుసుకదా అని దాన్నే అటు అంటించకూడదు.

భద్రాచలం ప్రాంతాన్ని నిజాం 1860లో ఇంగ్లీషువాళ్ళకు ఇచ్చాడు. వాళ్ళు దాన్ని సెంట్రల్ ప్రావిన్సెస్‌లో, సిరొంచా కేంద్రంగా ఉన్న ఎగువ గోదావరి జిల్లాలో కలిపారు. అంటే ఆ పద్నాలుగేళ్ళు భద్రాచలానికి రాజధాని నాగపూర్. 1874లో భద్రాచలం, రేకపల్లి తాలూకాలు మద్రాసు ప్రెసిడెన్సీలోని గోదావరి జిల్లాకు వచ్చాయి. 1925లో ఆ జిల్లా పేరు తూర్పు గోదావరి అయింది. 1953 అక్టోబరు 1న, మనవైపు ఖమ్మం జిల్లా పుట్టిన రోజునే, అవతల ఆంధ్ర రాష్ట్రం పుట్టింది. 1959లో గానీ భద్రాచలం, నూగూరు తాలూకాలు ఖమ్మం జిల్లాలో కలవలేదు. 2014లో పోలవరం ప్రాజెక్టు ముంపు పేరుతో కూనవరం, చింతూరు, వరరామచంద్రపురం లాంటి మండలాలు మళ్ళీ ఆంధ్రప్రదేశ్‌కు పోయాయి. భద్రాచలం పట్నం తెలంగాణలో ఉండిపోయింది, దాన్ని ఆనుకుని ఉన్న ఎటపాక ఆంధ్రకు పోయింది. 2022లో ఆ మండలాలు అల్లూరి సీతారామరాజు జిల్లాలో చేరాయి. నూగూరు వెంకటాపురం, వాజేడు ఇంకోదారి పట్టి 2016లో జయశంకర్ భూపాలపల్లి, 2019లో ములుగు జిల్లా అయ్యాయి.

ఇంతా ఎవరు గుర్తుపెట్టుకుంటారు అంటారేమో. గుర్తుపెట్టుకోనక్కర్లేదు. నోటుపుస్తకం చివరి పేజీలో రెండు వరసలు గీసి, నది ఇవతల ఒకటి, అవతల ఒకటి, ఈ సంవత్సరాలు ఒకసారి ఎక్కించుకోండి. తర్వాత ఏ పుట్టుక రాస్తున్నా ఆ పేజీ తిప్పి చూడండి. కుటుంబ చరిత్ర రాయడానికి నేను చేసుకున్న పనుల్లో ఎక్కువసార్లు పనికొచ్చింది ఈ పేజీయే.

కాగితం తనే ఏ ఒడ్డుదో చెబుతుంది, ఒకసారి చూపు అలవాటు పడితే. ఇవతలి భూమి కాగితం పహాణీ. అవతలిది అడంగల్. ఇవతల సేత్వార్, ఫైసల్ పట్టీ లాంటి ఉర్దూ మాటలుంటాయి. ఇంట్లో పాత పెట్టెలో పేరూ ఊరూ చిరిగిపోయిన కాగితం దొరికినా పైన అడంగల్ అని ఉంటే అది మద్రాసు వైపు నుంచి వచ్చిన పద్ధతి అని తెలిసిపోతుంది.

ఇక్కడే ఇంకో తేడా గమనించాలి. భద్రాచలం ఆస్పత్రికి కాన్పులకు నది పొడుగునా ఊళ్ళ నుంచి వస్తారు. 2014 తర్వాత కూనవరం బిడ్డ భద్రాచలంలో పుడితే పుట్టిన ధ్రువపత్రం తెలంగాణది, ఇల్లు ఆంధ్రప్రదేశ్‌ది. పుట్టిన చోటు వేరు, ఊరు వేరు. రెండింటికీ వేరువేరు గడులు పెట్టండి.

దఫ్తరు మాటలు

హైదరాబాదు సంస్థానపు కాగితాల్లో నాలుగు మాటలు తెలిస్తే సగం పని అయినట్టే. ఊరి పేరుకు ముందు మౌజే అని ఉంటుంది. మౌజే టేకులపల్లి అంటే రెవెన్యూ గ్రామం టేకులపల్లి. మజ్రా అంటే దాని కిందున్న శివారు పల్లె. ఫసలీ అని సంవత్సరం ఉంటే దానికి 590 కలపండి, దాదాపుగా ఇంగ్లీషు సంవత్సరం వస్తుంది. 1364 ఫసలీ అంటే 1954-55. తెలంగాణలో ప్రతి ఊరికీ ఖాస్రా పహాణీ రాసింది ఆ సంవత్సరమే. అందులో మీ తాత పేరు, సర్వే నంబరు, ఊరి పేరు ఒకే వరసలో దొరికితే అదృష్టమే.

నాలుగో మాట బేచిరాగ్. చిరాగ్ అంటే దీపం. బేచిరాగ్ మౌజే అంటే దీపం లేని ఊరు, అంటే మనుషులు లేని ఊరు. పొలాలున్నాయి, సర్వే నంబర్లున్నాయి, శిస్తు ఉంది, రాత్రి పూట దీపం పెట్టే ఇల్లు మాత్రం లేదు. రెవెన్యూ దఫ్తరులో ఇంత దుఃఖం నింపుకున్న మాట ఇంకోటి లేదని నాకనిపిస్తుంది. మీ పెద్దలు చెప్పే ఊరు ఎవరికీ తెలియకపోతే బేచిరాగ్ గ్రామాల్లో చూడండి. జనాభా లెక్కల జిల్లా పుస్తకాల్లో కూడా మనుషులు లేని గ్రామాలను ఊళ్ళ పట్టికలో చూపిస్తారు.

రాత విషయంలో ఒక హెచ్చరిక. ఉర్దూ దఫ్తరు నుంచి ఇంగ్లీషుకు, ఇంగ్లీషు నుంచి తెలుగుకు ఎక్కే దారిలో ఊళ్ళ రూపు మారింది. బూర్గంపాడు కొన్ని కాగితాల్లో బూర్గంపహాడ్ అయింది. పాడు అంటే ఊరు, పహాడ్ అంటే కొండ. ఆ పేరు చూసి కొండ కోసం వెతకొద్దు. ఖమ్మం పాత కాగితాల్లో ఖమ్మంమెట్టు. కాగితంలో ఏ రూపం ఉంటే ముందు ఆ రూపాన్నే, అక్షరం మార్చకుండా దించుకోండి. సరిదిద్దడం రెండో వరసలో చేయండి. నేను చిన్నప్పుడు బడిలో తప్పులు దిద్దడం నేర్చుకున్నాను, ఇక్కడ తప్పులను కాపాడటం నేర్చుకున్నాను.

దీని విలువ తెలియాలంటే సముద్రం అవతల చూడాలి. 1860 నుంచి 1911 దాకా ఒప్పంద కూలీలుగా నటాల్‌కు వెళ్ళిన 1,52,184 మందిలో మద్రాసు రేవు నుంచి ఓడ ఎక్కిన తెలుగువాళ్ళు వేలల్లో ఉన్నారు. ఓడ పట్టికల్లో ఒక్కొక్కరికీ జిల్లా, తాలూకా, ఊరు గడులున్నాయి. గుమాస్తా చెవికి ఎలా వినబడితే అలా ఇంగ్లీషులో రాశాడు. ఈనాడు దక్షిణాఫ్రికాలో ఉన్న వాళ్ళ ముని మనవళ్ళకు మన దేశంతో మిగిలిన దారి ఆ వంకర రాతే. ఎవరో మంచి ఉద్దేశంతో దాన్ని ఈనాటి ఊరి పేరుగా "సరిచేసి" అసలు రాతను వదిలేస్తే, ఆ సరిచేసింది తప్పని తేలిన రోజున వెనక్కి వెళ్ళడానికి దారే ఉండదు.

నా పేజీ

ఒక్కో చోటికి నేను ఒక పేజీ వదులుతాను. మా నాయనమ్మ పుట్టిన ఊరికి ఉన్న పేజీ ఇలా మొదలవుతుంది.

విన్నట్టు: "బొగ్గుట్ట దాటినంక, వాగు అవతల గూడెం."

కాగితంలో: ఏదీ దొరకలేదు.

ఆనాటికి: ఇల్లందు తాలూకా, వరంగల్ జిల్లా, హైదరాబాదు సంస్థానం. సుమారు 1935.

ఈనాటికి: టేకులపల్లి మండలం, భద్రాద్రి కొత్తగూడెం జిల్లా, తెలంగాణ. బోడు అనే ఊరి వైపు కావచ్చు.

ఎవరు చెప్పారు: మేనత్త, 2011 సంక్రాంతికి. నాయనమ్మ నోటి నుంచి తను విన్నదిగా.

నమ్మకం: వాగు గట్టిగా. బోడు అనుమానంగా.

చివరి వరస చాలామంది రాయరు. అది రాయకపోతే పదేళ్ళకు మీ అనుమానం మీ పిల్లలకు సత్యమై కూర్చుంటుంది. ఊరి పేరుకు అర్థం చెప్పేటప్పుడూ ఇదే. టేకు చెట్ల వల్ల టేకులపల్లి అయిందని మేమంతా అంటాం. చుట్టూ టేకు ఉంది, మాట అతుకుతుంది. నా పుస్తకంలో మాత్రం "అని అంటారు" అనే రాశాను. కాగితమో శాసనమో చూపించేదాకా అలాగే ఉంటుంది.

ఏళ్ళ లెక్క తేలనప్పుడు పెద్దలను సంవత్సరం అడగకండి, కాలం అడగండి. రజాకార్ల ముందా, తర్వాతా? మండలాలు వచ్చినప్పటికి మీరిక్కడే ఉన్నారా? నది పొడుగున ఉన్నవాళ్ళనైతే వరద అడగండి. 1986 ఆగస్టులో భద్రాచలం దగ్గర గోదావరి 75.6 అడుగులు వచ్చింది. ఆ వరద చూసినవాళ్ళు తమ బతుకును దానికి ముందు, దాని తర్వాత అని రెండుగా చెబుతారు. ఊరు మెరకకు కదిలిందా, పాత ఇంటి చోటు ఏది అన్న సంగతులు ఆ మాటతోనే బయటపడతాయి. పోలవరం ముంపు ఊళ్ళవాళ్ళుంటే మాత్రం వాయిదా వేయకండి. ఈ ఎండాకాలమే వెళ్ళి పాత ఊరు చూపించమనండి. ఫోన్‌లో ఆ చోటి అక్షాంశ రేఖాంశాలు పట్టుకోండి. నీళ్ళు నిలిచాక పటంలో వేలు పెట్టి చూపడానికి ఆ అంకెలే మిగులుతాయి.

నాయనమ్మ పేజీలో కాగితం వరస చాలా ఏళ్ళు అలాగే ఉంది. పోయిన చలికాలం బోడు వైపు ఒక కోయ పెద్దాయన దొరికాడు. ఎనభై దాటిన మనిషి. తాతా, ఇలా వాగు అవతల ఒక గూడెం ఉండేదట అన్నాను. కాసేపు ఏమీ అనలేదు. తర్వాత కర్ర తీసుకుని ముందు నడిచాడు. పత్తి చేను దాటి, వాగు దాటి, పొదల్లోకి. రెండు చింతచెట్లు, వాటి కింద సగం పూడిన రోలు, ఇంటి పునాది కావొచ్చనిపించే రాళ్ళ వరస. అంతే. "ఇదే" అన్నాడు.

అక్కడే రాయి మీద కూర్చుని పేజీ తెరిచాను. ఫోన్ చూసి అంకెలు రాశాను. నమ్మకం అన్న చోట అనుమానం కొట్టేసి ఆయన చెప్పిన మాట రాశాను. ఈనాటి పేరు ఏమని రాయాలో తోచక ఆయననే అడిగాను. "ఇప్పుడు ఇక్కడ ఎవరుండరు కదా, పేరెందుకు?" అన్నాడు. సరే, రాసినదంతా చదివి వినిపించు అన్నాడు. చదివాను. వాగు గూడేనికి తూర్పున అని నేను రాసిన చోట చెయ్యెత్తి ఆపాడు. అప్పట్లో వాగు ఇటు కాదు, ఆ చింతల వెనక నుంచి పారేదట, తర్వాత దారి మార్చిందట. తూర్పు కొట్టేసి ఉత్తరం అని రాసి, పక్కన ఆయన పేరూ ఆనాటి తేదీ వేశాను.